పేరు, ఆగు, ఎవరితోని

మా క్వార్టర్‌కు రెండు తలుపులు. ముందు తలుపు పోవడానికి, వెనక తలుపు మరిచిపోయినవి అందించడానికి. మా ఆయన సదానందం డ్యూటీకి బయలుదేరి గడప దాటాక సద్ది డబ్బా వంటింట్లోనే ఉండిపోయిందనుకోండి, వెనక నుంచి పిలవడం మా ఇంట్లో లేదు. నేను డబ్బా పట్టుకుని వెనక తలుపు తీసి, నాలుగు క్వార్టర్ల వెనక నుంచి, బట్టల తీగల కింద వంగి పరుగెత్తి, నల్లా మలుపులో ఆయనకు ఎదురుపడాలి. ఆయన ఏమీ ఎరగనట్టు డబ్బా అందుకుంటాడు. నేను ఏమీ ఎరగనట్టు తిరిగొస్తాను. కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి ఈమెకు మతి సరిగా లేదనుకునేవాళ్ళట. అనుకోనీ.

బాయి పనికి పోయే మనిషిని వెనక నుంచి పిలవొద్దు, ఎటు పోతున్నవని అడగొద్దు. రామకృష్ణాపూర్‌లో మా పుట్టింట్లోనూ ఇదే పద్ధతి, మా నాన్న కూడా బొగ్గుబాయిలోనే చేసేవాడు. కానీ మా అత్త సారవ్వ దగ్గర అది పద్ధతితో ఆగదు. పాల ప్యాకెట్ కోసం పోయేవాళ్ళను కూడా పిలవనివ్వదు. మా మామ కొమురెల్లి పదిహేడేళ్ళ కింద బాయిలో బండ పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగమే మా ఆయనకు వచ్చింది. నేను ఆ తర్వాత మూడేళ్ళకు కోడలుగా వచ్చాను. ఆ రోజు ఏం జరిగిందో అత్తమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

పోయిన ఏడు జూన్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లల సెంటర్ పెట్టారు. బడి విడిచాక నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పిల్లల్ని చూసుకోవాలి, చదివించాలి, ఆడించాలి. ఇంటర్ పాసైతే చాలన్నారు. నేను పాసయ్యాను, ఆ కాగితం పెళ్ళి చీరల కింద పద్నాలుగేళ్ళుగా పడి ఉంది. మా బిడ్డ గురుకులం హాస్టల్‌కు పోయాక ఇంట్లో నాకు సాయంత్రాలు గడవక పిచ్చెక్కుతోంది. వెళ్ళి అడిగాను, తీసుకున్నారు. మొదటి రోజే ముప్పై ఒక్క మంది పిల్లలు నన్ను "టీచర్" అన్నారు. అప్పటిదాకా నేను సదానందం పెళ్ళాన్ని, సారవ్వ కోడల్ని. ఇంటికొచ్చి స్టవ్ ముందు నిలబడి ఆ మాట నాలో నేనే రెండుసార్లు అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వానాకాలం అంతా నాకు కావలసింది ఒక్కటే. ఆ పని నా చేతిలోంచి పోకూడదు.

నాతో పాటు తౌఫీఖ్ అని ఒక కుర్రాడు. చౌరస్తాలో మెకానిక్ కొడుకు, డిగ్రీ అయింది, లెక్కలు చెప్పేవాడు. మా ఇద్దరికీ శనివారం శనివారం ట్రైనింగ్ అన్నారు. ట్రైనింగ్ అంటే నాకు తెలిసింది ఫ్లెక్సీ, దండ, ఇద్దరు సార్ల ఉపన్యాసం, చివర్లో బిస్కెట్ ప్యాకెట్. బిస్కెట్ల కోసమైనా పోదామనుకున్నాను.

బసంత్‌నగర్ నుంచి వచ్చే బస్సు దిగి ఒక సన్నటి అమ్మాయి వచ్చింది. పేరు షబీనా. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. గొడుగు దులిపి మూలకు పెట్టి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.

"నలభై నిమిషాలే అక్కా. ఐదు నిమిషాలు నేను చెప్త, ఐదు నిమిషాలు చేసి చూపిస్త, ఇరవై నిమిషాలు మీరు చెయ్యాలె. మిగిలిన పది మాట్లాడుకుందం. ఒక్క శనివారానికి ఒక్కటే పని."

"బిస్కెట్లు లేవా మేడం?" అన్నాను, ఊరికే.

"నేను తెచ్చుకోలె. నువ్వు తెస్తె తింట," అంది. ఆ పిల్ల నాకు అప్పుడే నచ్చింది.

మొదటి శనివారం పని, పిల్లలు వచ్చిన మొదటి పది నిమిషాలు. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లకు అక్షరం ఎక్కదు, ముందు నీళ్ళు, గుగ్గిళ్ళు పెట్టాలి, ఆ తర్వాతే పుస్తకం. ఇంత చిన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదని నామీద నాకే కోపం వచ్చింది. రెండో శనివారం, ఒక్కసారికి ఒక్క మాటే చెప్పడం. "పుస్తకాలు తీయండి, వరుసగా కూర్చోండి, మాట్లాడకండి, రాజూ నిన్నే" అని నేను నాలుగు చెబితే షబీనా తానే పిల్లలా నటించి నాలుగూ తలకిందులుగా చేసి చూపించింది. తౌఫీఖ్ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడ్డాడు. మూడో శనివారం, బెత్తం లేకుండా హాలును నిశ్శబ్దం చేయడం. ప్రతిసారీ చివర్లో మూడు ప్రశ్నలు అడిగేది. ఏం చేసినవ్? ఏమైంది? చెయ్యకపోతె ఏమైతుండె? ఆ మూడో ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ తడబడేదాన్ని.

నాలుగో శనివారం గేటు పాఠం.

"పిల్లలు వచ్చేటప్పుడు తప్పిపోరు అక్కా, పోయేటప్పుడే పోతరు," అంది షబీనా. "అందుకని మూడు మాటలు. పేరు పిలువు. ఆగు అను. ఎవరితోని పోతున్నవ్ అని అడుగు. గంతే. తౌఫీఖ్, నువ్వు పిల్లగానివి. బ్యాగు ఏసుకొని బయటికి నడువు. యమునక్క నిన్ను ఆపుతది."

తౌఫీఖ్ ఒక చిన్న బ్యాగు భుజానికి తగిలించుకుని, మోకాళ్ళు వంచి పిల్లాడిలా తలుపు వైపు నడిచాడు. నేను నోరు తెరిచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వాడు తలుపు దాటి, వరండా దాటి, గేటు దాటి, చివరికి రోడ్డు మీద నిలబడి వెనక్కి చూశాడు.

"అక్కా, బస్సెక్కాల్నా ఏంది నేను?"

రెండోసారీ అంతే. మూడోసారి నేను పరుగెత్తి వాణ్ని దాటుకుని ముందుకెళ్ళి, ఎదురుగా చేతులు చాపి, "ఆగు, ఎవరితోని పోతున్నవ్?" అన్నాను. నాకు పెద్ద ఘనకార్యం చేసినట్టుంది.

షబీనా నవ్వలేదు. "ముందుకొచ్చి ఎందుకు ఆపినవ్ అక్కా?"

చెప్పాను. బాయి ఇంటి పద్ధతి, వెనక నుంచి పిలవొద్దు అన్నాను.

"మరి కూరగాయల బండి పోతుంటె ఎట్ల పిలుస్తవ్?"

"అది వేరే."

"ఎట్ల వేరే?"

"బండాయన మా ఇంట్ల నుంచి పోతున్నడా?" అన్నాను. నా గొంతు లేచింది. "మేడం, ఇంట్లకెళ్ళి బయటికి కాలు పెట్టినోల్లను పిలిస్తె వాళ్ళకు మంచిది కాదు. నీకు నవ్వొస్తదేమో. మా ఆయన రోజూ బాయిల దిగుతడు. నాకు నవ్వు రాదు."

"నవ్వుత లేనక్కా," అంది. "కాని పిల్లలు మొఖం చూపించి తప్పిపోరు. వీపు చూపించే పోతరు. నీకు కనిపించేది వీపే. దాన్నే ఆపాలె."

ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. అయినా నేను నా ఉపాయం నేను చేసుకున్నాను. ఆరుంబావుకే పోయి గేటు దగ్గర నిలబడేదాన్ని. అప్పుడు అందరూ నాకు ఎదురుగానే వస్తారు, వెనక నుంచి పిలిచే పనే ఉండదు. జులై, ఆగస్టు అలాగే నడిచిపోయాయి. హాలుకు ఒకటే తలుపు, ప్రహరీకి ఒకటే గేటు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సెప్టెంబరు రెండో వారంలో ఒక గురువారం. ఆరు కూడా కాలేదు. వాన పడుతోంది. నేను చిన్నపిల్లలతో పద్యం చెప్పిస్తున్నాను. కిటికీలోంచి చూస్తే, తలకు టోపీ పెట్టుకున్న ఎవరో బాయి మనిషి రోడ్డు మీద పోతున్నాడు. అంతలో హర్షిణి లేచింది. రెండో తరగతి పిల్ల, తండ్రి సంపత్ మా ఆయన పనిచేసే బాయిలోనే. రోజూ వాళ్ళ నానమ్మ వచ్చి తీసుకెళ్తుంది. ఆ పిల్ల గులాబీ రంగు రైన్‌కోటు వేసుకుని, బ్యాగు తీసుకుని తలుపు దాటింది. పోయినవాడు తన నాన్న అనుకుందని తర్వాత తెలిసింది.

నేను చూశాను. ఇది చెప్పడం నాకు కష్టమే గానీ చెప్పాలి. నేను ఆ పిల్లను చూశాను. హాలు తలుపు నుంచి గేటు ఇరవై అడుగులు. "హర్షిణీ" అంటే చాలు, ఆగేది. పేరు నాలుక మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. ముందుకు పోయి ఆపుదామని చెప్పుల కోసం వెతికాను. ఒకటి దొరికింది, రెండోది పిల్లల చెప్పుల కుప్పలో ఎక్కడో ఉంది. ఒక్క చెప్పుతోనే గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు.

తౌఫీఖ్‌ను ముప్పై మంది దగ్గర ఉంచి నేను పరుగెత్తాను. వాళ్ళ నానమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్వార్టర్ల సందులన్నీ తిరిగాను. మెయిన్ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు వరసగా పోతున్నాయి, వాటి వెనక బురద నీళ్ళు నడుము ఎత్తు లేస్తున్నాయి. గులాబీ రంగు ఏది కనబడ్డా అటు పరుగెత్తాను. ఒకచోట అది ప్లాస్టిక్ కవరు. గంటా పావు తిరిగాను. దేవుళ్ళకు ఏమేం మొక్కానో నాకిప్పుడు గుర్తు లేదు, గుర్తుంటే తీర్చేదాన్ని.

షిఫ్టు బస్సులు ఆగే చోట అనసూర్య చాయ్ కొట్టు ఉంది. హర్షిణి అక్కడ బల్ల మీద కూర్చుని బన్ను తింటోంది.

"నీ పిల్లనా?" అంది అనసూర్య. "మా నాన్న కోసమొచ్చిన అంటది. మీ నాన్నది ఏ షిఫ్టు బిడ్డా అంటె తెల్వదంటది. రోడ్డు దాటవోతుండె, అవుతల టిప్పర్ వస్తున్నది. ఎనుక నుంచి ఒక్కటే ఒర్రుడు ఒర్రిన, ఆగింది."

హర్షిణి నా ముఖం చూసి సగం బన్ను నాకు పెట్టబోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సంపత్ మా ఇంటికొచ్చాడు. అది అతని రెండో షిఫ్టు వారం, మధ్యాహ్నం డ్యూటీకి పోవాలి. మా ఆయన ఫస్ట్ షిఫ్టులో ఉన్నాడు. అత్తమ్మ నీళ్ళిచ్చింది. అతను తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కొట్లాటకు వచ్చాడేమో, కొట్లాడితే బాగుండు అనుకున్నాను.

"నువ్వు సూసినవట గదా అక్కా," అన్నాడు మెల్లగా. "సూసి గూడ పిలవలేదట."

"అవును తమ్మీ."

"ఎందుకు?"

"ఎనుక నుంచి పిలవద్దని..." అన్నాను.

అతను గ్లాసు గూట్లో పెట్టాడు. "మా ఇంట్ల గూడ పిలవరు," అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అత్తమ్మ తలుపు పక్కనే ఉంది. అంతా విన్నది.

శనివారం షబీనా వచ్చింది. గడియారం విప్పలేదు. తౌఫీఖ్‌ను చాయ్‌కి పంపి నా పక్కన కూర్చుంది.

"దసరా సెలవులకు ఇంకా పది రోజులున్నయి. ఆఖరు రోజు సాయంత్రం నేనొస్త. నువ్వు గేటు దగ్గర నిలవడద్దు. హాల్ల నిలవడి, పోయే పిల్లలను ఎనుక నుంచి ఒక్కొక్కలను ఆపాలె. ముప్పై ఒక్క మందిని. కాకపోతె నీ ప్లేసుల వేరేవాళ్ళను పెట్టాల్సొస్తది. నాకు మంచిగనిపిస్త లేదక్కా, కాని మొన్న ఆ చాయ్ కొట్టామె లేకుంటె ఏమైతుండె?"

అదే మూడో ప్రశ్న. ఈసారి జవాబు నాకు తెలుసు.

"ఇంట్ల ప్రాక్టీస్ చెయ్యి," అంది లేస్తూ. "అందరిని పిలువు. ఫికర్ చెయ్యకు, పిలిచిపిలిచి అలవాటైతది."

ఇంట్లో ప్రాక్టీస్! ఆమెకేం, బస్సెక్కి పోయింది. నేను ముందు పక్కింటి మేకతో మొదలుపెట్టాను. అది పోతుంటే వెనక నుంచి "ఆగు" అన్నాను. ఆగలేదు, కానీ దానికి ఏమీ కాలేదు కూడా. సాయంత్రం కల్లా మళ్ళీ మా గోంగూర మడి మేసింది. మర్నాడు పేపరు పిల్లగాణ్ని పిలిచాను. చెమటలు పట్టాయి గానీ పిలిచాను. మూడో రోజు సాయంత్రం మా ఆయన కోడిగుడ్ల కోసం దుకాణానికి బయలుదేరాడు. డ్యూటీ కాదు కదా, దుకాణమే కదా అనుకున్నాను. గడప దాటగానే కళ్ళు మూసుకుని, "ఇగో, ఆగు, ఎవరితోని పోతున్నవ్?" అన్నాను.

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "ఎవరితోని పోత? గుడ్లు తేవడానికి జోడి కావాల్నా?"

వెనక పళ్ళెం చప్పుడైంది. అత్తమ్మ అన్నం ముందు నుంచి లేచి నిలబడింది.

"నేను బతికుండంగ ఈ ఇంట్ల ఎనుక నుంచి పిలుపు ఇనవడద్దు," అంది. "పని పోతె పోనీ. మనిషి పోతె తెస్తవా నువ్వు?"

"అత్తమ్మా, ఆ పిల్ల టిప్పర్ కింద పడుతుండె."

"నాకు చెప్పకు."

అప్పుడు మా ఆయన గడప దగ్గరే నిలబడి, పద్నాలుగేళ్ళలో నేను వినని మాట చెప్పాడు. "అవ్వా, బాయిల మేం రోజంత ఎనుక నుంచే పిలుసుకుంటం. పైన బండ జెర టిక్కుమన్నదనుకో, ఎనుకున్నోడు ముందటోని పేరు పెట్టి ఒర్రాలె. ముందుకొచ్చి చెప్తనంటె ఇద్దరు పోతరు. మొన్నటేడు నన్ను సంపత్ గట్లనే పిలిచిండు. అందుకే ఇయ్యాల గుడ్లు తెస్తున్న."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలె?" అంది అత్తమ్మ.

"నీకు ఎట్ల చెప్పాలె అవ్వా," అన్నాడు, గుడ్లకు పోయాడు.

అత్తమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ మొండితనం పుట్టింది, నేనూ మాట్లాడలేదు. మధ్యలో ఆయన, "కూరల ఉప్పు తక్కువైంది" అని ఇద్దరికీ కలిపి గోడకు చెప్పేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరం గోంగూర తెంపుతున్నాం, మేక వదిలినంత. అత్తమ్మ తలెత్తకుండా మొదలుపెట్టింది.

"ఆ దినం ఫస్ట్ షిఫ్టు. మీ మామ సద్ది మర్సి పోతున్నడు. చెట్టంత మనిషి రోజంత ఉపాసముంటడని నేనే పిలిచిన. 'ఓ కొమురెల్లీ' అని పేరు పెట్టి పిలిచిన, ఆయన నగుకుంట తిరిగొచ్చిండు. 'ఏందే, పేరు పెడుతున్నవ్' అన్నడు. డబ్బా తీస్కొని పోయిండు. పది దాటినంక బండ పడ్డది. పిలిచింది నేనే గదా."

ఆకుల కాడలు తుంచుతూనే ఉంది. ఓదార్పు మాటలు నాకు చేతకావు, చెబితే ఆమెకు నచ్చవు కూడా. నోట్లోంచి షబీనా ప్రశ్న వచ్చింది, నేను అనుకోకుండానే.

"పిలవకపోతె ఏమైతుండె అత్తమ్మా?"

ఆమె చేయి ఆగింది. ఆ ప్రశ్న పదిహేడేళ్ళలో ఆమెను ఎవరూ అడగలేదని నాకు అర్థమైంది.

"బండ పడుతుండె," అంది చివరికి. "బండకేం ఎర్క? పడుతుండె. ఆయన ఆకలితోని పోతుండె."

మళ్ళీ ఒక కాడ తుంచింది.

"బట్టలతోని ఆ డబ్బా గూడ ఇంటికి పంపిండ్రు. తీసి చూసిన. కాళీగున్నది. ఒక్క మెతుకు లేదు. తొమ్మిదింటికే తిన్నడంట, పక్కోనికి పచ్చడి గూడ పెట్టిండంట. ఈ ముచ్చట ఎవలకు చెప్పలె."

నాకు ఏడుపొచ్చింది. గోంగూర గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

దసరా సెలవుల ముందు సెంటర్ ఆఖరు రోజు వచ్చింది. తెల్లారుజాము నుంచి వాన. మా ఆయన మళ్ళీ ఫస్ట్ షిఫ్టులో పడ్డాడు. ఆరుంబావుకు గొడుగు తెరుచుకుని గడప దాటాడు. పొయ్యి గట్టు మీద సద్ది డబ్బా అలాగే ఉంది. మరిచిపోయాడు మహానుభావుడు. నేను డబ్బా తీసుకుని, పద్నాలుగేళ్ళ అలవాటు, వెనక తలుపు గడియ తీశాను.

"ఎటు పోతున్నవ్?" అంది అత్తమ్మ. "బురదల జారి పడతవ్. నడుం ఇరుగుతది."

నేను చూస్తూ ఉండగానే ఆమె ముందు తలుపు దగ్గరికి నడిచింది. చౌకట్టు పట్టుకుంది.

"ఓ సదయ్యా!"

మా ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెంటనే వెనక్కి తిరగలేదు. గొడుగు ఒక పక్కకు ఒరిగి, వాన ఆయన భుజం మీద పడింది.

"ఆగు. డబ్బా మర్సినవ్."

ఆయన తిరిగొచ్చాడు. మెట్ల కింద నిలబడి చేయి చాపాడు. నా చేతిలోంచి అత్తమ్మ డబ్బా తీసుకుని ఆయనకు ఇచ్చింది. ఆయన మళ్ళీ నడిచాడు, మలుపు తిరిగే దాకా ఆమె చూస్తూనే ఉంది.

ఆ రోజు నేను ఏ పనీ సరిగ్గా చేయలేదు. పప్పు మాడ్చాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. బాయిలోకి ఫోన్లు పట్టుకుపోనివ్వరు, ఎవరినని అడగాలి? ఫస్ట్ షిఫ్టు మూడింటికి అయిపోతుంది. మూడున్నర దాటితే ఆయన ఇంట్లో ఉండాలి. నాలుగైంది. రాలేదు. నాలుగూ పది. నేను సెంటర్‌కు పోవాలి. అత్తమ్మ ముందు గడప మీద కూర్చుని ఉంది, పొద్దుటి నుంచి అక్కడే.

"రోడ్డు మీద నీళ్ళొచ్చినయంట, బస్సులు మెల్లగొస్తున్నయంట," అంది. ఎవరు చెప్పారో చెప్పలేదు. "నువ్వు పో. నేనుంట."

ఆరింటికి షబీనా వచ్చింది. హాలు వెనక గోడకు కుర్చీ వేసుకుని కూర్చుంది. తౌఫీఖ్ నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి, "ఏం గాదక్కా, నన్ను పిలిచిన దినమే సగం పని అయిపోయె," అన్నాడు. వాణ్ని నేను వెనక నుంచి పిలిచిందెప్పుడు? వాడికి అది కూడా గుర్తు లేదు.

ఆరున్నరకు పిల్లలు బ్యాగులు వేసుకుని తలుపు వైపు కదిలారు. నేను హాలు మధ్యలో నిలబడ్డాను. ముప్పై ఒక్క వీపులు. ఆయన వచ్చాడో రాలేదో నాకింకా తెలియదు. పిలిస్తే ఏమైనా అవుతుందేమో. అయ్యేది ఉంటే పొద్దున్నే అయిపోయి ఉండాలి. ఇప్పుడు కొత్తగా అయ్యేది ఏముంది? ఇలా లెక్క వేసుకున్నాను. గులాబీ రంగు రైన్‌కోటు అందరికంటే ముందు తలుపు దగ్గరికి చేరింది.

"హర్షిణీ!"

హాలంతా మోగింది. నా గొంతేనా అది? పిల్లలందరూ ఆగారు.

"ఆగు. ఎవరితోని పోతున్నవ్?"

"నానమ్మతోని టీచర్," అంది హర్షిణి. గేటు దగ్గర వాళ్ళ నానమ్మ చేయి ఊపింది.

ఆ తర్వాత ముప్పై మంది. ఒక్కొక్క పేరు. కొందరి పేర్లు పిలుస్తుంటే గొంతు చీలింది, కొందరు కావాలని రెండోసారి పిలిపించుకున్నారు. చివరివాడు పోయాక షబీనా కుర్చీ మడిచి గోడకు ఆనించింది. "దసరా అయినంక సోమవారం తెరుస్తున్నం," అంది. "ఆ శనివారం పాఠం, పిల్లలకు దెబ్బ తగిలితె ఏం చెయ్యాలె. దూది, పట్టీ తెచ్చిపెట్టు." అంతే. బస్సుకు టైమైందని గొడుగు తీసుకుని వెళ్ళింది.

నేను కిటికీలు మూస్తున్నాను. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. అత్తమ్మ. కొంగు తల మీద కప్పుకుని నిలువునా తడిసి ఉంది. ఎన్నడూ ఆ హాలు వైపు రాని మనిషి. చేతిలో సద్ది డబ్బా. నేను ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తాను.

ఆమె డబ్బా మూత తీసి నా ముఖం ముందు పెట్టింది. లోపల అంచుకు పచ్చడి నూనె మరక. ఒక్క మెతుకు లేదు.

"ఐదింటికొచ్చిండు. తిన్నడు," అంది.

నేను డబ్బాలోకి చూస్తూ నిలబడ్డాను. ఆమె మూత పెట్టి, ఇక చెప్పాల్సింది ఏమీ లేనట్టు వెనక్కి తిరిగి వానలోకి నడిచింది. నేను హాలుకు తాళం వేసి చూసేసరికి గేటు దాకా పోయింది. వీధి దీపం కింద తడిసిన ఆ వీపు కనిపిస్తోంది.

"అత్తమ్మా!" అని కేకేశాను. "ఆగు. ఎవరితోని పోతున్నవ్?"

ఆమె ఆగింది. నిదానంగా వెనక్కి తిరిగింది.

"నీతోనే," అంది. "జల్ది రా, నానుతున్న."